తవుడిచ్చి కొన్న పేరు

పైడిభీమవరం. రెండో బ్లాకు. నైట్ షిఫ్టు.
బయట మూడ్రోజుల ముసురు
హైవే మీద లారీల అద్దాలు తుడుస్తోంది.
లోపల గోడ మీద ముల్లు ముప్పై రెండు.
గాలిలో తడి ముప్పై అయిదు దాటితే
మిషను ఆపెయ్యమని కాగితంలో ఉంది.

ఈ మందుకి నీళ్లు పడవు.
చెమ్మ తగిలిందా,
లోలోపలే విరిగి పుల్లటి వాసనేస్తుంది.

కొత్తగా చేరిన గుంటడు
మాస్కు లోంచి అడిగాడు:
"అన్నా, నీళ్లు నేకండా పిండెలాగ నిలబడతాది?
మా యమ్మ గిద్దెడు నీళ్లు సల్లకపోతే
ఏ పిండీ మాట ఇనదు."

చూడమన్నాను.
స్క్రూ తోసుకొచ్చిన పొడి
ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల సందున
క్షణం ఊపిరి బిగపట్టి
అటువైపు పట్టీగా దిగుతోంది.
భీమాళి తాండ్రంత మందం,
సున్నమంత తెలుపు.
రేణువుకీ రేణువుకీ మధ్య
అలిగి కూర్చున్న గాలిని బయటికి పంపడం,
అంతే మా పని.
జిగురు లేదు, తడి లేదు, పొయ్యి లేదు.

విరిచి చూపించాను.
అప్పడంలా టప్పుమనాలి.
పిండిలా రాలితే తక్కువ నొక్కినట్టు.
పెంకులా మోగితే?
అది చెప్పేలోపు
ఫోను మోగి స్టోర్సుకి వెళ్లాను.

వాడి పేరు తవిటినాయుడు.
టీ దగ్గర వాడే చెప్పాడు, నవ్వుతూ:
"నాకు ముందు ముగ్గురు నిలవనేదట.
నాను పుట్టగానే పక్కింటి సూరమ్మ ఒళ్లో పడేసి
సోలెడు తవుడిచ్చి
మళ్లీ కొనుక్కున్నాదట మా యమ్మ.
సావుకి అనుమానం రాకండా."

నేను తిరిగొచ్చేసరికి
జల్లెడ కింద పొడి ఎక్కువ రాలుతోందని
వాడే ప్రెషరు పెంచేశాడు.
మంచి చెయ్యాలనే.
పట్టీ అద్దంలా మెరుస్తోంది.
మిల్లులో పడి గులకల్లా దూకుతోంది.
వాడి కళ్లలో గర్వం,
గాగుల్స్ వెనక కూడా కనబడేంత.

తెల్లారగట్ల మూడింటికి
కంప్రెషన్ గదినుంచి కబురు:
మాత్రలకి టోపీలు ఊడుతున్నాయి.
అరచేతిలో పోసి తెచ్చి చూపించాడు సూపర్‌వైజరు,
పైపొర ఒకచోట, ఒళ్లొకచోట.

అప్పుడు చెప్పాను, ఆలస్యంగా.
మొదటి నొక్కుడికే బలమంతా ఖర్చైపోతే
రెండో నొక్కుడికి
కలిసి ఉండే ఓపిక మిగలదు దానికి.
మన దగ్గర సగం మెత్తగానే ఉండాలి.
మిగతా సగం
ముందు గదిలో ఎవరో చూసుకుంటారు.

వాడేమీ అనలేదు.
జల్లెడ గట్టు మీద వేలితో
గీత గీసి చెరిపాడు.

ఫారం నింపాం.
కారణం: రోలరు పీడనం పరిమితి దాటడం.
చేసినవారు అన్న గడిలో
వంకరగా ఆరక్షరాలు.
పర్యవేక్షణ గడిలో నా పొట్టి సంతకం.
'చెప్పకుండా స్టోర్సుకి వెళ్లినవారు'
అన్న గడి ఆ కాగితంలో లేదు.
పదకొండేళ్లలో
నేనెన్నిసార్లు అలా వెళ్లానో
లెక్క రాసే గడి కూడా.

నలభై కిలోలు ఎర్రచీటీ కట్టుకుని
పక్కగదిలోకి వెళ్లిపోయాయి.
మిగిలిన పొడికి ముల్లు వెనక్కి తిప్పాం.
ఈసారి పట్టీ వాడే విరిచాడు.
చెవి దగ్గర పెట్టుకుని మరీ.
టప్పు.
ఇంకోటి. టప్పు.

ఆరున్నరకి ముసుగులు విప్పి
గేటు దగ్గర నిలబడ్డాం.
రణస్థలం బస్సు ఇంకా రాలేదు.
వాన అలాగే ఉంది.
"అన్నా, ఒక మాట.
రాత్రంతా సుక్క తడి తగలకండా కాశాం గదా,
ఆకర్న ఆలు
గలాసుడు నీళ్లతోటే మింగుతారు గదేటి?"

నవ్వొచ్చింది. జవాబు రాలేదు.
బహుశా అందుకే కాశామేమో అందామనుకుని
ఊరుకున్నాను.

వాడు షెడ్డు దాటి వానలోకి నడిచాడు.
కడుక్కున్నా పోని తెల్లపొడి
కనుబొమల్లో కాసేపు మెరిసి
చెంపల మీదుగా జారింది.
పుల్లటి వాసనేమీ రాలేదు.